సైకిలును పైకప్పుకు వేలాడదీస్తే ఆ బరువు మోసేది ఎవరు?

నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా కొత్తగా కట్టే ఇళ్ళలో కింది అంతస్తు చాలావరకు బండ్లకే పోతోంది. గ్యారేజీ అంటూ విడిగా గది కట్టుకునేవాళ్ళు తక్కువ. సొంత ఇల్లయితే పోర్టికో, అపార్టుమెంటయితే సెల్లారు. ఒక కారు, రెండు మోటారు సైకిళ్ళు నిలిపాక పిల్లల సైకిళ్ళకు చోటు మిగలదు. గోడలను కరెంటు మీటర్లు, బోరు మోటారు స్టార్టరు ఆక్రమించుకుంటాయి. ఖాళీగా కనిపించేది తల మీది స్లాబు ఒక్కటే.

దానికి సైకిలు తగిలించవచ్చా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. మేస్త్రీ "స్లాబుకు ఏమీ కాదు" అంటాడు. ఎలక్ట్రీషియన్ ఫ్యాను కొక్కెం చూపిస్తాడు. హార్డ్‌వేర్ దుకాణంలో "ఈ హుక్కు యాభై కిలోలు ఆపుతుంది" అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం స్లాబుకు బెజ్జం పెడితే వానాకాలం నీళ్ళు కారతాయని భయపడతారు. ఈ నలుగురి మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉంది. అయితే ఒకరు స్లాబు గురించి, ఇంకొకరు కొక్కెం గురించి, మరొకరు బెజ్జం గురించి మాట్లాడుతున్నారు. వీటిని విడదీసి చూస్తేగాని విషయం తేలదు.

సైకిలు బరువెంత, స్లాబు మోయగలిగేది ఎంత

రాడ్ బ్రేకులు, క్యారియరు, స్టాండు ఉన్న పాతకాలపు పెద్ద సైకిలు సుమారు 20 కిలోలు తూగుతుంది. లావు టైర్ల గేరు సైకిలు 14 నుంచి 17 కిలోల మధ్య ఉంటుంది. పిల్లల సైకిళ్ళు పది, పన్నెండు కిలోలు. బ్యాటరీ సైకిలయితే 20 కిలోలు దాటిపోవచ్చు.

ఇక స్లాబు సంగతి. నివాస గృహాల అంతస్తు మీద ప్రతి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు పడుతుందని, మనుషులు ఎక్కి తిరిగే డాబా మీదయితే 150 కిలోలు పడుతుందని లెక్కగట్టి స్లాబు వేయాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. సిమెంటు, కంకరల సొంత బరువు దీనికి అదనం. నాలుగు పెద్ద సైకిళ్ళు కలిపినా 80 కిలోలే. దసరాకు చుట్టాలు వచ్చి డాబా మీద వరసగా కూర్చుంటే పడే బరువు అంతకు ఎన్నో రెట్లు. మేస్త్రీ మాట ఇంతవరకూ ఒప్పే. సరిగా వేసిన స్లాబు సైకిలు వల్ల కూలదు.

అయినా సైకిళ్ళు ఊడి కింద పడుతూనే ఉంటాయి. స్లాబు మొత్తంగా ఎంత మోస్తుందన్నది ఒక ప్రశ్న, వేలెడంత బెజ్జం చుట్టూ ఉన్న కాంక్రీటు ఎంత పట్టుకుంటుందన్నది వేరే ప్రశ్న. గొడవంతా ఆ రెండో దానితోనే.

బరువు నడిచే దారి

సైకిలు బరువు చక్రం నుంచి కొక్కేనికి, కొక్కెం నుంచి దాని మరకు, మర నుంచి యాంకర్ బోల్టుకు, బోల్టు నుంచి చుట్టూ ఉన్న కాంక్రీటుకు, అక్కడి నుంచి లోపలి ఇనుప చువ్వలకు చేరుతుంది. ఈ దారిలో ఏది అన్నిటికన్నా బలహీనమో, మొత్తం ఏర్పాటు బలం అంతే.

గోడకూ పైకప్పుకూ అసలు తేడా ఇక్కడే ఉంది. గోడకు కొట్టిన బోల్టు మీద బరువు ప్రధానంగా అడ్డంగా పడుతుంది. బోల్టు కిందికి జారాలంటే గోడనే చీల్చాలి. పైకప్పులో అలా కాదు. బరువు బోల్టును అది వచ్చిన దారినే బయటికి లాగుతుంది, అదీ రాత్రింబవళ్ళు. పైగా కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది గాని లాగుడు దాని బలహీనత. లాగితే తట్టుకునే బలం, నొక్కితే తట్టుకునే బలంలో ఇంచుమించు పదో వంతు. స్లాబులో చువ్వలు వేసేదే అందుకు.

ప్లాస్టిక్ ప్లగ్గు ఫొటో ఫ్రేముకు సరిపోయి, సైకిలుకు సరిపోకపోవడానికి కారణం కూడా ఇదే. ప్లగ్గు పట్టంతా రాపిడి మీద ఆధారపడింది. నిరంతరం కిందికి లాగుతుంటే ప్లాస్టిక్కు మెల్లమెల్లగా సాగుతుంది, వేడికి ఇంకా తొందరగా సాగుతుంది. మే నెలలో నల్లగొండ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. ఇనుప యాంకర్ బోల్టు పని తీరు వేరు. నట్టు బిగించేకొద్దీ దాని లోపలి శంకువు నట్టు వైపుకు జరిగి, బయటి తొడుగును విప్పార్చి, బెజ్జం గోడలను గట్టిగా అదిమిపెడుతుంది. మూడో రకం రసాయన యాంకర్. బెజ్జంలో జిగురు నింపి కడ్డీ దించుతారు. అది విప్పారదు కాబట్టి అంచుల దగ్గర కాంక్రీటు పగిలే భయం తక్కువ. కాకపోతే బెజ్జంలో దుమ్ము మిగిలితే జిగురు ఆ దుమ్మునే పట్టుకుంటుంది. పైగా తలకిందులుగా నింపేటప్పుడు కారుతుంది. సైకిలు లాంటి చిన్న బరువుకు ఇంత హంగామా అవసరమని నాకనిపించదు.

గిలాబు తినేసే లోతు

మంచి కాంక్రీటులో 40 మిల్లీమీటర్ల లోతున సరిగా బిగిసిన ఇనుప యాంకర్‌ను పెకలించాలంటే, కాగితం లెక్క ప్రకారం, కొన్ని వందల కిలోల లాగుడు కావాలి. మరి 20 కిలోల సైకిలుకు ఊడి రావడమేమిటి?

ఆ 40 మిల్లీమీటర్లు కాంక్రీటులో ఉండాలి, గిలాబులో కాదు. స్లాబు అడుగున ఇసుక, సిమెంటు కలిపి పూసిన పొర పల్చగా ఉంటే ఆరు మిల్లీమీటర్లు, సెంట్రింగ్ ఎగుడుదిగుడుగా ఉండి సరిచేయాల్సి వస్తే పన్నెండు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ పొర అందానికే గాని బరువుకు పనికిరాదు.

లెక్క చూద్దాం. 40 మిల్లీమీటర్ల బెజ్జంలో 12 మిల్లీమీటర్లు గిలాబుకు పోతే కాంక్రీటులో మిగిలేది 28. లోతు పదింట మూడు వంతులే తగ్గింది కదా అనిపిస్తుంది. కాని యాంకర్ ఊడేటప్పుడు తన చుట్టూ గరాటు ఆకారంలో కాంక్రీటు ముక్కను లాక్కుని వస్తుంది. లోతు తగ్గితే ఆ గరాటు ఎత్తుతో పాటు వెడల్పూ తగ్గుతుంది. అందువల్ల బలం లోతుకు ఒకటిన్నర ఘాతం చొప్పున మారుతుంది. 28ని 40తో భాగిస్తే 0.7. దాని ఒకటిన్నర ఘాతం సుమారు 0.59. అంటే బలంలో నూటికి 41 వంతులు గిలాబుకే పోయాయి. కాంక్రీటు నాసిరకమైతే, బెజ్జం కాస్త వదులైతే, మిగిలిన దానిలోంచి ఇంకొంత పోతుంది.

డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకున్న మనిషికి ఈ పొరలు చేతికే తెలుస్తాయి. మొదట బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగి, మెత్తని ఇసుక రాలుతుంది. అది గిలాబు. తరువాత చప్పుడు మారి, బిట్టు నెమ్మదించి, తెల్లటి సన్న పొడి రాలడం మొదలవుతుంది. మన వైపు క్రషర్ల నుంచి వచ్చేది గ్రానైటు కంకర. అది తగిలితే మెషీన్ మణికట్టును అదరగొడుతుంది. కీచుమని అరిచి బిట్టు ముందుకు కదలకపోతే అక్కడ చువ్వ ఉన్నట్టు. చువ్వను కోసుకుంటూ పోవడం కన్నా బెజ్జాన్ని పక్కకు జరపడమే తెలివి. స్లాబులో ఫ్యాను డబ్బాల నుంచి స్విచ్ బోర్డుల వైపు పోయే కరెంటు పైపులు కూడా దాగి ఉంటాయి. డబ్బాకూ, బోర్డు పైన ఉన్న గోడకూ మధ్య తిన్నగా గీత గీసి చూస్తే పైపు ఎటు పోయి ఉంటుందో అంచనాకు వస్తుంది.

అంతకన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. డాబా మీంచి చెమ్మ దిగిన చోట లోపలి చువ్వలు తుప్పు పడతాయి. తుప్పుకు ఇనుము కన్నా రెట్టింపుకు పైగా చోటు కావాలి కాబట్టి అది ఉబ్బి, అడుగు కాంక్రీటును పెచ్చులుగా నెట్టేస్తుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టినప్పుడు డొల్ల చప్పుడు వస్తే అక్కడ ఎంత గొప్ప యాంకరైనా దండగే. పెద్దవాళ్ళ నీటి భయానికి కూడా జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఐదంగుళాల స్లాబులో రెండంగుళాల లోపు బెజ్జం పైదాకా పోదు. బెజ్జంలోంచి నీళ్ళు కారాయంటే స్లాబు అంతకు ముందే చెమ్మ తాగుతోందని అర్థం. అలాంటి స్లాబుకు సైకిలు తగిలించే ముందు డాబాకు మరమ్మతు కావాలి.

యాభై కిలోల కొక్కెం వంగిపోవడం ఎలా

దుకాణంలో చెప్పే యాభై కిలోల మాట సాధారణంగా గట్టి కాంక్రీటులో, నిట్టనిలువుగా, కదలని బరువుకు వర్తించేది. చక్రానికి తగిలించే కొక్కెం విషయంలో ఇంకో చిక్కుంది. లావు టైరు పట్టాలంటే దాని నోరు 60 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుని ఉండాలి. అప్పుడు బరువు పడే చోటుకూ కడ్డీ వంపుకూ మధ్య సుమారు 30 మిల్లీమీటర్ల దూరం వస్తుంది. ఆ దూరమే కొక్కేన్ని తిన్నగా సాగదీయాలని చూస్తుంది.

20 కిలోలంటే సుమారు 200 న్యూటన్లు. 30 మిల్లీమీటర్ల దూరంతో గుణిస్తే 6,000 న్యూటన్-మిల్లీమీటర్లు. కడ్డీ మందం ఆరు మిల్లీమీటర్లయితే వంపు దగ్గర చదరపు మిల్లీమీటరుకు సుమారు 280 న్యూటన్ల ఒత్తిడి పడుతుంది. మామూలు మైల్డ్ స్టీలు 250 దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. అంటే ఆ కొక్కెం నోరు మెల్లగా తెరుచుకుంటుంది. అదే కడ్డీ ఎనిమిది మిల్లీమీటర్లదయితే ఒత్తిడి 120కి పడిపోతుంది. మందం పెరిగింది రెండు మిల్లీమీటర్లే. వంగుడుకు ఎదురునిలిచే శక్తి మాత్రం మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి రెండు రెట్ల పైగా పెరిగింది. దుకాణంలో ఈ రెండు కొక్కేలూ పక్కపక్కనే వేలాడుతూ, రబ్బరు తొడుగు వల్ల ఒకే లావుగా కనిపిస్తాయి. తొడుగు వెనక్కి జరిపి లోపలి కడ్డీని చూస్తే తప్ప తేడా తెలియదు.

ఫ్యాను కొక్కెం మీద రెండు వాదాలు

ఎలక్ట్రీషియన్ల వాదన తేలిగ్గా తోసిపుచ్చేది కాదు. స్లాబు పోసేటప్పుడే చువ్వలకు కట్టి వదిలిన కడ్డీ అది. దాన్ని పెకలించాలంటే చుట్టూ ఉన్న స్లాబునే చీల్చాలి. వరండా ఊయలలు దశాబ్దాలుగా నిలబడింది కూడా ఇలా పోతలో పెట్టిన కొక్కేల మీదే.

ఎదుటి వాదన ఏమిటంటే, ఊయల కోసం పెట్టిన కొక్కెం వేరు, ఫ్యాను కోసం పెట్టింది వేరు. ఊయల కొక్కేన్ని మేస్త్రీ మనుషులను తలచుకుని కడతాడు. ఫ్యాను డబ్బాలో కడ్డీ ఎంత మందమో, దాన్ని నిజంగా చువ్వల పైనుంచి తిప్పి కట్టారో, డబ్బాలోనే దూర్చి వదిలేశారో కింద నుంచి తెలియదు. అదే డబ్బాలో కరెంటు తీగలు కూడా ఉంటాయి. కట్టేటప్పుడు తీసిన ఫొటో ఉంటేనో, దగ్గరుండి చూసినవాళ్ళు చెబితేనో ఎలక్ట్రీషియన్ మాట వినవచ్చు. లేకపోతే కొత్త బెజ్జమే నయం.

ఈ తగవులో ఎవరూ తలచుకోని చోటొకటి ఉంది. సెల్లారులో స్లాబు కింద అడుగుకు పైగా దిగి ఉండే బీములు. బీము పక్కభాగానికి మధ్య ఎత్తులో బోల్టు వేస్తే బరువు గోడలో మాదిరిగా అడ్డంగా పడుతుంది, ఊడిపడే భయం బాగా తగ్గుతుంది. బీము అడుగుభాగం మాత్రం వద్దు. ప్రధాన చువ్వలన్నీ గుంపుగా ఉండేది అక్కడే. అంచులు కూడా దగ్గర. అపార్టుమెంటు సెల్లారు అందరిదీ కాబట్టి బీమైనా, స్లాబైనా బెజ్జం పెట్టే ముందు సంఘం అనుమతి ఉండాలి.

బండల మిద్దె, రేకులు, పెంకులు

తాండూరు, కొడంగల్, నారాయణపేట వైపు పాత ఇళ్ళలో ఇనుప గడ్డర్ల మీద బండలు పరిచి, పైన సున్నం, మట్టి వేసిన మిద్దెలు ఇంకా కనిపిస్తాయి. అక్కడ స్లాబు సూత్రాలు పనికిరావు. బండలో చువ్వ ఉండదు. రెండు గడ్డర్ల మధ్య ఆనుకుని ఉన్న బండ అడుగుభాగం ఎప్పుడూ లాగుడులోనే ఉంటుంది. అక్కడ బెజ్జం పెడితే బండను దాని అత్యంత బలహీనమైన చోటే గాయపరిచినట్టు. డ్రిల్లింగ్ అదురుకే నెర్రె పుట్టవచ్చు. ఆ నెర్రెను ఆపే ఇనుము లోపల లేదు. అదే గడ్డరయితే ఒక్క బెజ్జం కూడా అక్కరలేకుండా, దాని అంచులను పట్టుకునే క్లాంపు బిగించి సైకిలు తగిలించవచ్చు. ఇప్పటిదాకా చెప్పుకున్న కప్పులన్నిటిలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది ఈ పాత గడ్డరే.

రేకుల షెడ్డులో బరువు పైపుల మీద పడాలి, రేకు మీద కాదు. పల్చని పైపుకు బెజ్జం పెడితే అక్కడే బలహీనపడుతుంది. చుట్టూ పట్టే క్లాంపు మేలు. ఏప్రిల్, మే నెలల గాలివానకు రేకులు, పైపులు అదిరి నట్లు వదులవుతాయి. పెంకుటింటి టేకు దూలం చెద పట్టనంతవరకు మర కొక్కేన్ని బాగానే పట్టుకుంటుంది. వాసాలను మాత్రం నమ్మడం కష్టం. జిప్సం ఫాల్స్ సీలింగ్ గురించి ఒక్క మాట చాలు. అది తన బరువు తాను మోస్తే అదే పదివేలు.

గిలక వేస్తే బరువు తగ్గుతుందా

తాడు లాగితే సైకిలు పైకి వెళ్ళే గిలకల సెట్టు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. లాగే మనిషికి బరువు సగమవుతుందన్నది నిజం. దాని వల్ల పైకప్పుకూ బరువు తగ్గుతుందనుకోవడం పొరపాటు.

16 కిలోల సైకిలును హ్యాండిల్ దగ్గర ఒక కొక్కెం, సీటు దగ్గర ఒక కొక్కెం పట్టుకున్నాయనుకుందాం. ఒక్కో వైపు ఎనిమిది కిలోలు. సైకిలుతో పాటు కదిలే గిలక రెండు వైపుల నుంచి తాడుకు వేలాడుతుంది కాబట్టి తాడులో నాలుగు కిలోల బిగువే ఉంటుంది. రెండు తాళ్ళూ కలిపి లాగితే ఎనిమిది కిలోల బలం చాలు. అయితే నిట్టనిలువుగా కిందికి లాగినప్పుడు పైకప్పు సైకిలు బరువు 16 కిలోలతో పాటు మీ లాగుడు ఎనిమిది కిలోలను కూడా మోయాలి. మొత్తం 24. తాడును గోడకు ఏటవాలుగా కట్టేస్తే ఈ మొత్తం కొంత తగ్గుతుంది గాని, గిలక పక్కకు కూడా గుంజబడుతుంది. అయినా ఇవన్నీ చిన్న అంకెలే.

అసలు ప్రమాదం తాడు జారినప్పుడు. సైకిలు 20 సెంటీమీటర్లు కిందికి జారి, ముడి పట్టుకుని రెండు సెంటీమీటర్ల లోపల ఆగిందనుకోండి. మొత్తం 22 సెంటీమీటర్ల పాటు పనిచేసిన బరువును రెండు సెంటీమీటర్లలో ఆపాలి. సగటున పదకొండు రెట్లు. అంటే 16 కిలోల సైకిలు ఆ క్షణంలో 176 కిలోలై లాగుతుంది. గిలాబు సగం మింగిన యాంకర్ ఊడే సందర్భం ఇలాంటిదే. నెలల తరబడి కదలకుండా వేలాడిన సైకిలు దించేటప్పుడు పడిపోవడంలో వింతేమీ లేదు.

చక్రానికి తగిలిస్తే చక్రం పాడవుతుందా

సైకిలు మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఎక్కువగా వాదించుకునేది దీని గురించే. రిమ్ము వంకర పోతుందని కొందరి భయం. 70 కిలోల మనిషి ఎక్కి తొక్కితే వెనక చక్రం మీదే 40 కిలోలకు పైగా పడుతుంది. గతుకుల్లో అంతకు రెట్టింపు కూడా పడవచ్చు. వేలాడదీసినప్పుడు పడేది సైకిలు బరువు మాత్రమే. పుల్లలు సరిగా బిగిసిన మామూలు చక్రానికి అదొక లెక్క కాదు. హైడ్రాలిక్ (ఆయిల్‌తో పనిచేసే) డిస్కు బ్రేకుల విషయంలో మాత్రం భయపడేవాళ్ళ మాటకూ బలముంది. ఆయిల్లో గాలి బుడగ ఉంటే సైకిలును నిలువుగా వేలాడదీసినప్పుడు అది చోటు మారి, దించాక బ్రేకు మెత్తబడవచ్చు. ముందు చక్రం పైకి ఉంచడం ఇందులో కాస్త మంచిది.

పెద్ద సైకిలుకు ఇబ్బంది వేరే చోట. మడ్‌గార్డు ముందు చక్రం పైభాగాన్ని కప్పేస్తుంది. కొక్కేనికి చోటు దొరికేది మడ్‌గార్డు ముందు అంచు దాటాకే. మడ్‌గార్డుకే తగిలిస్తే ఆ సన్న రేకు ఒక రోజైనా ఆగదు. నడుమ అడ్డ కడ్డీ ఉన్న సైకిలయితే ఆ కడ్డీ కింద రెండు పట్టీలు వేసి ఎత్తవచ్చు. ఆడపిల్లల సైకిళ్ళకు ఆ కడ్డీ ఉండదు కాబట్టి చక్రాలు గాని, హ్యాండిల్, సీటు గాని దిక్కు.

ఎత్తు లెక్క

పది అడుగుల స్లాబంటే 305 సెంటీమీటర్లు. పెద్ద సైకిలును రెండు చక్రాలకూ కొక్కేలు తగిలించి తలకిందులుగా వేలాడదీస్తే కొక్కేనికి 10, సైకిలుకు 105 నుంచి 110 సెంటీమీటర్లు పోతాయి. హ్యాండిల్ 185 నుంచి 190 మధ్య ఎత్తులో ఉంటుంది. కింద కారుకు చోటు సులువుగా సరిపోతుంది, పొడగరి తల మాత్రం తగులుతుంది. అదే సైకిలును ఒక్క చక్రానికి నిలువుగా వేలాడదీస్తే పొడవు ఆరడుగులకు పైనే కాబట్టి, కింది చక్రం మూడున్నర అడుగుల ఎత్తులో నడుము దగ్గరికి వస్తుంది. అప్పుడు దాని కింద కారు పట్టదు, గోడ వారగా మాత్రమే చెల్లుతుంది. ఎలాగూ గోడ వారకే పోయేటప్పుడు, రోజూ బడికి తీసే సైకిలునయితే ఆ గోడకే కొక్కెం వేసి తగిలించడం నయం. తొమ్మిదంగుళాల ఇటుక గోడ బోల్టును అడ్డంగా మోస్తుంది, పైగా పన్నెండేళ్ళ పిల్ల కూడా ఎవరి సాయం లేకుండా దించుకోగలదు. గోడ తేలికపాటి బోలు బ్లాకులతో కట్టినదైతే మాత్రం ఆ బోల్టు మళ్ళీ బీమునో, కాలమునో వెతుక్కోవలసిందే.